అతి సున్నిత మెట్టు

చినరాయపట్నం ప్రభుత్వ సంగీత కళాశాలకు డిజిటల్ పియానో వచ్చిన రోజున దానికి బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, పక్కన నిలబడి ఫోటోలు దిగారు, స్టాకు నంబరు అంటించారు. వాయించి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

అది కొత్తది కాదు. సముద్రపొడ్డున ఉన్న ప్రభుత్వ అతిథిగృహాన్ని మూసేసినప్పుడు సోఫాలు ఒక ఆఫీసుకూ, ఏసీలు ఇంకో ఆఫీసుకూ పోగా, ఎవరూ అడగని పియానో సంగీత కళాశాల వాటాకు వచ్చింది. అతిథిగృహంలో దాన్ని ఎక్కువగా వాయించింది అతిథుల పిల్లలు. ఒక చేత్తో బిస్కెట్లు తింటూ రెండో చేత్తో వాయించేవారు. ఆ సంగతి పియానోతో వచ్చిన కాగితాల్లో లేదు. 'పనిచేయు స్థితిలో ఉన్నది' అని మాత్రం ఉంది.

కీబోర్డు నేర్పే ప్రిస్కిల్లాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా వేసవి సెలవులతో అది అయిపోతుంది. కళాశాల తెరిచాక మళ్ళీ మొదలవుతుంది, ఒక్కోసారి నెలా రెండు నెలలు ఆలస్యంగా. ఆదివారాలు ఆమె చర్చిలో పియానో వాయిస్తుంది. కళాశాలలో మాత్రం ఇన్నాళ్ళూ ఆమె దగ్గరున్నది బొమ్మలాంటి చిన్న కీబోర్డు. మెట్టును మెత్తగా తాకినా, గుద్దినా ఒకే మోత మోగేది. అందుకే పియానో వచ్చిందని విన్నప్పుడు ఆమె ముందుగా ఫోన్ చేసింది పైడన్నకి.

కోరాడ పైడన్న వయసు యాభై దాటింది. మీసాలు రాకముందు నుంచీ బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదాడు. కిందటేడు ఒక పెళ్ళి ఊరేగింపులో జనరేటర్ బండి వెనక్కి వచ్చి గుద్దితే ముందరి పళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళతో క్లారినెట్ పలకలేదు. మేళం మేస్త్రి జాలిపడి, "కీబోర్డు నేర్చుకోరా పైడీ. గవర్నమెంటు డిప్లొమా ఉంటే బ్యానరు మీద నీ పేరు రాయించి బండి మీద కూకోబెడతాను" అన్నాడు. అందుకని మనవల వయసు పిల్లల పక్కన బెంచీ మీద వచ్చి కూర్చున్నాడు.

అతనికి స్వరాలు కొత్త కాదు. కొత్తగా వచ్చిన కష్టమల్లా మెత్తగా వాయించడం. బాణసంచాకూ లారీ హారన్లకూ పైన వినపడేలా ఊదుతూ బతికినవాడు. పరీక్షకు పెట్టింది జోలపాట.

"ఏటి మేడమ్, ఈ పాటకి పిల్లోడు నిద్రోవాలి గదా. నాను వాయిస్తే నిద్రోయినోడు లేసి కూకుంటాడు" అని తనే నవ్వేవాడు.

"పక్కన నిజంగా పిల్లాడున్నాడనుకోండి పైడన్నగారూ. వేళ్ళతో మెట్లను జోకొట్టండి" అనేది ప్రిస్కిల్లా.

ఆ మాట అతనికి పట్టింది. పాత కీబోర్డు మీద తేడా వినపడకపోయినా, వేలు మెత్తబడేదాకా సాధన చేశాడు. ఇంట్లో భోజనాల బల్ల మీద కూడా వేళ్ళాడిస్తుంటే భార్య అన్నం గిన్నె పక్కకి జరిపేది. కొత్తగా వచ్చిన పియానో ముందు కూర్చున్నప్పుడు మాత్రం భయంభయంగా మొదలుపెట్టాడు. షడ్జమం మెత్తగా పలికింది. రిషభం ఇంకా మెత్తగా పలికింది. గాంధారం దగ్గర పైడన్న ముఖంలో నవ్వు వచ్చింది. మధ్యమం తాకగానే గదిలో బాంబు పేలినట్టయింది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

"సమించండి మేడమ్, సెయ్యి జారిపోనాది" అన్నాడు పైడన్న.

మళ్ళీ వాయించాడు. మళ్ళీ పేలింది. అతను చేతులు వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళ సాధనా వృథా అయిపోయిందన్నట్టు వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"మీ చెయ్యి కాదు, ఆగండి" అని ప్రిస్కిల్లా తను కూర్చుంది. చిటికెనవేలితో మధ్యమాన్ని తాకీతాకనట్టు తాకింది. అదే పేలుడు. స్పీకర్ లోపమేమోనని హెడ్‌ఫోన్ పెట్టుకుని చూసింది. చెవి దిమ్మెక్కింది. పియానోని మొదటి స్థితికి తెచ్చే బటన్లు నొక్కి, ఆపి మళ్ళీ వేసింది. మార్పు లేదు. తాకుడును బట్టి శబ్దం మారే ఏర్పాటును పూర్తిగా ఆపేసి చూస్తే, మధ్యమం తక్కిన మెట్లతో సమానంగా బుద్ధిగా పలికింది. దాంతో ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"స్వరం బాగానే ఉంది. వేలు ఎంత గట్టిగా పడిందో చెప్పేది పాడైంది" అంది. "మెట్టు కింద రెండు రబ్బరు బొడిపెలుంటాయి. నొక్కినప్పుడు ఒకటి ముందు తాకుతుంది, రెండోది తర్వాత తాకుతుంది. మధ్యలో ఎక్కువ సమయం పడితే మెత్తగా నొక్కామనీ, తక్కువ పడితే గట్టిగా నొక్కామనీ లెక్క. ఇక్కడ ఒకదాని దగ్గర ఏదో మురికి చేరి ఉంటుంది. విప్పి స్పిరిట్‌తో తుడిస్తే సరిపోతుంది."

"ఇప్పీండి మరి."

"గవర్నమెంటు వస్తువు కదండీ. అడిగి విప్పాలి."

ఈ వాక్యం నుంచే కథ మొదలైంది.

ప్రిస్కిల్లా నాలుగు ముక్కల అర్జీ రాసింది. పియానో మధ్యమం మెట్టుకు కీ సెన్సిటివిటీ లోపం ఉందనీ, విప్పి తుడవడానికి అనుమతి కావాలనీ. ప్రిన్సిపాల్ విశ్వేశ్వర శర్మ మంచి వయొలిన్ విద్వాంసుడు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మాత్రం ఆయన తన బల్ల మీద ఉండనిచ్చేవారు కాదు. చదవకుండానే సూపరింటెండెంట్ త్రినాథరావుకి పంపేశారు. త్రినాథరావుకి సంగీతం రాదు, ఫైళ్ళు వచ్చు. ఉత్తరప్రత్యుత్తరాలన్నీ తెలుగులోనే జరగాలన్న ఉత్తర్వును కళాశాలలో తూచా తప్పకుండా పాటించేది ఆయనొక్కడే. అర్జీని తెలుగు చేసి రాజధానికి పంపాడు. 'విషయము: మెట్టు యొక్క సున్నితత్వము. తగు చర్య గురించి.'

రాజధానిలో ఆ కాగితం అందుకున్న ఉద్యోగికి 'సున్నితత్వము' అన్న మాట తప్ప ఇంకేమీ కనపడలేదు. సున్నితమైన అంశాలకు వేరే ఎర్ర కవరు ఉంటుంది. అర్జీ అందులోకి వెళ్ళింది. ఎర్ర కవర్లు జాయింట్ డైరెక్టర్ ఉమాకాంత్ ఒక్కరే విప్పాలి. ఆయన విప్పి, చదివి, కారు తెప్పించుకున్నారు.

చినరాయపట్నం చేరగానే ఉమాకాంత్ కూర్చోకుండానే అడిగారు. "ఎవరి మనోభావాలు దెబ్బతిన్నాయి?"

ప్రిన్సిపాల్ శర్మ త్రినాథరావు వైపు చూశారు. త్రినాథరావు ప్రిస్కిల్లా వైపు చూశాడు.

"ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదండి. రబ్బరు దెబ్బతింది" అంది ప్రిస్కిల్లా.

"అది ప్రాథమిక దశలో అందరూ చెప్పేదే. మెట్టు ఏ రంగుది?"

"తెల్లదండి."

"పక్కన నల్ల మెట్లున్నాయా?"

"ఒకవైపు ఉందండి."

"అటువైపు నుంచి ఒత్తిడేమైనా ఉందా?"

"లేదండి. ఇది వేరు, అది వేరు. దీని కింద..."

ఉమాకాంత్ చెయ్యెత్తి ఆపారు. "చూడమ్మా, మీరు సాంకేతిక కోణంలో చూస్తున్నారు. మేము పరిపాలనా కోణంలో చూడాలి. మామూలు తాకిడికే ఈ మెట్టు ఉద్రిక్తతకు లోనవుతోంది. అవునా, కాదా?"

ప్రిన్సిపాల్ శర్మ, "అవునండి" అన్నారు. అవునన్న తర్వాత ఆయనకు కొంచెం ఊపిరాడింది.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. 'సదరు మధ్యమము మెట్టును అతి సున్నిత మెట్టుగా ప్రకటించడమైనది. ఎట్టి పరిస్థితులలోను దానిని ఎవరును తాకరాదు. తాకించరాదు. తాకుటకు ప్రోత్సహించరాదు.' మెట్టు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. పియానో పక్కన కుర్చీ వేసి సన్యాసిరావు అనే హోంగార్డును కూర్చోబెట్టారు. కళాశాల మొదటి అంతస్తులో, అంతవరకు మృదంగం తరగతి జరిగే గదిలో, 'సున్నిత మెట్ల పర్యవేక్షణ విభాగం' వెలిసింది. మృదంగం పిల్లలు మేడ మెట్ల కింద వాయించుకోసాగారు.

పైడన్న మరునాడు వచ్చి రిబ్బను చూసి, "మన మజ్జిమానికి పెళ్ళి సేసినారేటి మేడమ్?" అన్నాడు.

"దాన్ని వదిలేసి వాయించమన్నారండి."

"పాటలో అది ఉన్నాది గదా."

"ఉంది."

"మరి అక్కడికొచ్చేసరికి నానేటి సెయ్యాల?"

ఆ ప్రశ్ననే ప్రిస్కిల్లా రాసి పైకి పంపింది. అది చాలా మంచి ప్రశ్న అని ఉమాకాంత్ ఫోనులోనే మెచ్చుకున్నారు. ఇంతవరకు తమకు తోచనందుకు ఆశ్చర్యపోయారు. పియానోలో మధ్యమాన్ని ఆపి, వయొలిన్‌లో అనుమతిస్తే అది వివక్ష అవుతుంది. గొంతులో అనుమతిస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే గొంతుకు రిబ్బను కట్టడం కుదరదు. కాబట్టి కళాశాల ప్రాంగణంలో మధ్యమ స్వరం ఉన్న రాగాలన్నిటినీ తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా నిలిపివేశారు.

మోహన రాగంలో మధ్యమం లేదు. హంసధ్వనిలో లేదు. ఇంకా వెతికితే భూపాలం దొరికింది. ఉదయం మోహన, మధ్యాహ్నం హంసధ్వని పాడి, కళాశాల నడిచింది. మూడొంతుల సిలబస్ ఎగిరిపోయినందుకు గాత్రం విద్యార్థులు రాజధాని వైపు తిరిగి దండం పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ శర్మ ఇంట్లో స్నానం చేస్తూ ఏదో కూనిరాగం తీసి, గాంధారం దాకా వచ్చి, నాలుక కరుచుకుని ఆగిపోయేవారు. ఆయన భార్య తలుపు కొట్టి, "ఏమండీ, బాగానే ఉన్నారా?" అని అడిగేది.

చిక్కంతా సన్యాసిరావుతో వచ్చింది. అతనికి మధ్యమ స్వరమంటే ఏమిటో తెలియదు. 'మ'ను నిషేధించారని ఎవరో చెబితే, అక్షరమనుకున్నాడు. డ్యూటీ అంటే ప్రాణం పెట్టేవాడు కాబట్టి ఆ రోజు నుంచే అమలు మొదలుపెట్టాడు.

"మేడమ్ గోరు ఉన్నారా?" అని వచ్చిన పైడన్నని గుమ్మం దగ్గరే ఆపాడు.

"ఆ అచ్చరం ఇక్కడ అనకూడదు."

"మేడమ్ గోర్ని మరేటనాల?"

"ఇంకో రెండుసార్లనేసినావు. ఏడమ్ గోరు అను."

"మజ్జిగ తెచ్చినాను ఆవిడికి."

"అజ్జిగ."

 చివరికి పైడన్న, "ఏడమ్ గోరికి అజ్జిగ" అని గ్లాసు అందించి లోపలికెళ్ళాడు. ఈ సంగతి ప్రిస్కిల్లా ప్రిన్సిపాల్‌కి చెప్పి, కనీసం అక్షరాన్నయినా విడిపించమని అడిగింది. శర్మ త్రినాథరావుని పిలిపించారు. ఉత్తర్వులో స్వరమని గానీ అక్షరమని గానీ విడిగా లేదనీ, అనుమానం వచ్చినప్పుడు రెండూ పాటించడమే క్షేమమనీ త్రినాథరావు చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి శర్మ కూడా నేమ్‌ప్లేట్ మీద తన పేరు చివర కాగితం ముక్క అంటించుకున్నారు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. మిగతా పిల్లలకు మోహనలో పాట మార్చుకునే వీలుంది. పైడన్నకు జోలపాట తప్ప ఇంకొకటి ఎత్తుకునే వ్యవధి లేదు. ఒకరోజు పాఠమయ్యాక లేవకుండా కూర్చున్నాడు.

"మేడమ్, సీజను వొచ్చెస్తన్నాది. ఈసారి కాపోతే మేస్త్రి ఇంకోడ్ని సూసుకుంటానన్నాడు. తప్పు నాది కాదన్నారు మీరు. ఆ మాట వొట్టిదే అయితే సెప్పీండి, ఎల్లిపోతాను. కాకపోతే దానికేటో ఒకటి సెయ్యండి."

ఆ మధ్యాహ్నం భోజనాల వేళకి ప్రిస్కిల్లా సంచిలో స్క్రూడ్రైవరు, మందుల షాపులో కొన్న స్పిరిట్, దూది పెట్టుకుని, పైడన్నని వెంటబెట్టుకుని వచ్చింది. సన్యాసిరావు క్యారేజీ విప్పుకుంటున్నాడు. ఆమె దాచకుండా చెప్పింది, పియానో విప్పబోతున్నానని.

సన్యాసిరావు ఉత్తర్వు కాపీ తీసి వేలితో కూడబలుక్కుంటూ చదివాడు. "తాకరాదు అన్నారు. ఇప్పరాదు అన్నేదు. ఇప్పుకోండి" అని అన్నంలో పప్పు కలుపుకున్నాడు.

పియానో వెనక పలక తీసి, మెట్ల వరస ఎత్తి, ప్రిస్కిల్లా రబ్బరు పట్టీని మెల్లగా పైకి లేపింది. మధ్యమం కింద, ఒక బొడిపె లోపల, ఎండిన కూల్ డ్రింకు జిగురులో ఇరుక్కుని బిస్కెట్ పొడి ఉంది. వేలి గోరుకు అంటుకునేంత. స్పిరిట్ దూదితో తుడిచింది. కింది పలక మీద నల్లటి చుక్కలు మెరిసేదాకా తుడిచింది. ఆరనిచ్చి, అన్నీ తిరిగి బిగించింది. సన్యాసిరావు మజ్జిగన్నంలోకి వచ్చేసరికి పని అయిపోయింది. బాగైన మెట్టు సున్నిత మెట్టు కాదు కాబట్టి దానికి ఉత్తర్వు వర్తించదని అతను తేల్చుకున్నాడు.

"వాయించండి పైడన్నగారూ."

పైడన్న మొదలుపెట్టాడు. షడ్జమం, రిషభం, గాంధారం. మధ్యమం దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత దిగింది. మధ్యమం నిద్రపోయే పిల్లవాడి ఊపిరిలా పలికింది. పైడన్న తలెత్తలేదు. జోలపాట చివరిదాకా వాయించాడు, మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. పూర్తయ్యేసరికి సన్యాసిరావు కుర్చీలో తల వాల్చి గురక పెడుతున్నాడు.

గుమ్మంలో ప్రిన్సిపాల్ శర్మ నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఎన్నాళ్ళయిందమ్మా ఆ స్వరం విని" అన్నారు. వెంటనే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఎవరికీ చెప్పకండి."

ఎవరూ చెప్పలేదు. కానీ నిద్ర లేచిన సన్యాసిరావు నిజాయితీపరుడు. రోజూ పైకి పంపే సమాచారంలో ఆ రోజు, 'మెట్టు మెత్తబడినది. ప్రశాంతంగా ఉన్నది. నాకు కూడా బాగున్నది' అని రాశాడు.

ఉమాకాంత్ మర్నాడే దిగారు. ఈసారి కూర్చున్నారు. అంత కోపం వస్తే ఆయన కూర్చుంటారని త్రినాథరావు తర్వాత చెప్పాడు.

"ప్రిస్కిల్లాగారూ, వచ్చేవారం ముఖ్య కార్యదర్శిగారు వస్తున్నారు. దేనికో తెలుసా?"

"తెలీదండి."

"అతి సున్నిత మెట్టును స్వయంగా పరిశీలించడానికి. దాని మీద ఒక విభాగం ఏర్పడింది. సిబ్బంది వచ్చారు. నాకు అదనపు బాధ్యతలిచ్చారు. ఇప్పుడాయనకి మామూలు మెట్టు చూపించమంటారా?"

"మామూలు మెట్టయితే చూపించడమెందుకండీ, వాయించి వినిపించవచ్చు. పిల్లలున్నారు, పైడన్నగారున్నారు."

"వినడానికి ఆయనకు టైమెక్కడిది? తనిఖీకి వస్తున్నారు." ఉమాకాంత్ గొంతు మెత్తబడింది. "జరిగిందేదో జరిగింది. మీ మీద చర్య తీసుకోను. యథాపూర్వ స్థితికి తెచ్చేయండి."

"అంటే పాడుచేయమంటారా?"

"సున్నితత్వాన్ని పునరుద్ధరించమంటున్నాను."

ప్రిస్కిల్లా ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. ప్రిన్సిపాల్ శర్మ కిటికీ బయట ఏదో చూస్తున్నారు. "నేను బాగుచేయడం వరకే నేర్చుకున్నానండి" అంది ఆమె. "పాడుచేయడం వచ్చినవాళ్ళు మీ విభాగంలోనే ఉంటారు. అడిగి చూడండి."

"మీ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది?"

"మీకు నచ్చేదాకానండి" అని నమస్కారం పెట్టి బయటికొచ్చింది. 

పునరుద్ధరణ బాధ్యత త్రినాథరావు మీద పడింది. లోపానికి కారణం బిస్కెట్టూ కూల్ డ్రింకూ అని ప్రిస్కిల్లా చెప్పి ఉంది కాబట్టి, అవే తెప్పించారు. ఎంత పరిమాణంలో వాడాలన్న దాని మీద విభాగంలో చర్చ జరిగింది. తక్కువైతే కార్యదర్శిగారి ముందు అభాసుపాలవుతామని ఒకరూ, ఎక్కువైతే మిగిలిపోతుందని ఇంకొకరూ అన్నారు. మిగిలితే తామే తినవచ్చన్న ఏర్పాటు మీద ఎక్కువే తెప్పించారు. మధ్యమం సందులో బిస్కెట్లు నలిపి పోశారు. మెట్టు ఉలకలేదు, మెత్తగానే పలికింది. ఉమాకాంత్ కంగారుపడి, "పోయండి, పోయండి" అన్నారు. పెద్ద సీసా మొత్తం పోశారు. పియానో లోపల చిటచిటమంది. ముందు దీపాలు వెలిగి ఆరాయి. తర్వాత ఏ మెట్టు నొక్కినా చప్పుడు లేదు. మధ్యమమూ లేదు, షడ్జమమూ లేదు, నల్లవీ లేవు, తెల్లవీ లేవు.

బాగుచేయించే వ్యవధి లేదు. తువ్వాళ్ళతో తుడిచి, రిబ్బను మార్చి, కొత్త పూలదండ వేశారు.

ముఖ్య కార్యదర్శి గంభీరమైన మనిషి. గదిలోకి రాగానే చెప్పులు విప్పారు. సన్యాసిరావు సెల్యూట్ చేశాడు. ఆయన నివేదిక తెరిచి చదివి, ఒక్కరే వెళ్ళి పియానో ముందు నిలబడ్డారు. ఉమాకాంత్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కార్యదర్శి జాగ్రత్తగా మధ్యమాన్ని నొక్కారు.

ఏమీ వినపడలేదు.

"ఇది తాకితే గర్జిస్తుందని రాశారు?"

"రాశామండి" అన్నారు ఉమాకాంత్. 

కార్యదర్శి ఇంకా గట్టిగా నొక్కారు. పక్క మెట్టు నొక్కారు. చివరికి రెండు అరచేతులూ పరిచి మెట్లన్నిటి మీదా ఒక్కసారిగా ఒరిగారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. ఆయన వెనక్కి తిరిగారు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక్కటి కూడా లేవలేదు!"

ఉమాకాంత్‌కి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత మరి ఆలస్యం చేయలేదు. "లేవనివ్వలేదు సర్" అన్నారు.

"ఒక్క మెట్టు సమస్య మొదలైతే మొత్తం వరసనే అదుపులోకి తెచ్చారన్నమాట. ఇదీ ముందుచూపంటే! మిగతా కళాశాలల్లో పియానోలు ఇంకా మోగుతున్నాయా?"

"మోగుతున్నాయి సర్."

"ఎందుకు?"

ఆ ప్రశ్నను ఉమాకాంత్ ఆదేశంగా రాసుకున్నారు. అంచేత రాష్ట్రమంతటికీ పథకాన్ని విస్తరించారు. ఉమాకాంత్‌ని దానికి డైరెక్టర్ చేశారు. విభాగం వారు తలా కాస్త పంచుకున్న ఆనందంలో మిగిలిన బిస్కెట్లు అయిపోయాయి.

పరీక్ష రోజు వచ్చింది. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి, పియానో రాష్ట్రానికే ఆదర్శమైంది కాబట్టి పరీక్ష దాని మీదే జరగాలన్నాడు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళి వేళ్ళాడించి వచ్చారు. కొందరు సినిమా పాటలు వాయించామని బయటికొచ్చి చెప్పుకున్నారు. ప్రిస్కిల్లాని లోపలికి రానివ్వలేదు. తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది.

పైడన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కూర్చుని, కళ్ళు మూసుకుని జోలపాట మొదలుపెట్టాడు. మొదటి వరస అయింది. రెండో వరస సగంలో వేళ్ళు ఆపి తలెత్తాడు.

"బాబూ, నాకేటీ ఇనపడతన్నేదు. తమరికేటైనా ఇనపడతన్నాదా?"

పరీక్షాధికారి అద్దాల మీంచి చూశాడు. "పరీక్షలో ప్రశ్నలడిగేది మేము. కానివ్వండి."

పైడన్న కానిచ్చాడు. చివరి స్వరం మీద వేలు ఎత్తకుండా అలాగే కాసేపు ఉంచి, లేచి దండం పెట్టాడు.

ఫలితాలు ఆ వారమే వచ్చాయి. కీబోర్డులో అందరికీ మొదటి తరగతి. ఇలా ఎప్పుడూ జరగలేదు. కారణాలు వెతికితే, పియానో మూగబోయి పాఠాలు ఆగిపోయాకే ఇంత ఉత్తీర్ణత వచ్చినట్టు త్రినాథరావు కనిపెట్టాడు. కాబట్టి కీబోర్డు అధ్యాపకురాలి అవసరం లేదని తేల్చారు. ప్రిస్కిల్లా కాంట్రాక్టు ఆ ఏడు కొనసాగించలేదు. ఉత్తర్వు అందించేటప్పుడు ప్రిన్సిపాల్ శర్మ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వెళ్ళిరండమ్మా" అన్నారు.

గేటు బయట పైడన్న కాగితం చుట్టను చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పాసైపోనానంట మేడమ్. ఫస్టు కలాసంట."

"తెలిసింది. సంతోషమండి."

"మేస్త్రికి సూపిస్తే బ్యానరు రాయించేత్తాడు. ఎల్లుండి పెళ్ళి ఉన్నాది." కాగితాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "నాకొకటి తెలవాల. నాకు వాయించడం వొచ్చినట్టా, రానట్టా? ఒక్కరూ ఇన్నేదు గదా."

ప్రిస్కిల్లా సంచి భుజానికి తగిలించుకుంది. "నాతో రండి" అంది.

చర్చిలో ఆ వేళ ఎవరూ లేరు. బెంచీల మీద ఎండ చారలు పడుతున్నాయి. మూలనున్న పియానో మీది గుడ్డ తీసి, స్విచ్ వేసి, ఆమె ముందు వరస బెంచీలో కూర్చుంది. పైడన్న సర్టిఫికెట్‌ను జేబులో దోపుకుని, చేతులు లుంగీకి తుడుచుకుని మొదలుపెట్టాడు. పాట చర్చి పైకప్పు దాకా వెళ్ళి మెల్లగా దిగింది. అతను వాయిస్తున్నంతసేపూ ఆమె కదలలేదు.

అయిపోయాక పైడన్న వెనక్కి తిరిగాడు.

"మూడో వరసలో తొందరపడ్డారు" అంది ప్రిస్కిల్లా. "చివర బాగా వచ్చింది. ఆ మూడో వరస మళ్ళీ వాయించండి."

"తొందరపడిపోనానా?" అన్నాడు పైడన్న. డిప్లొమా వచ్చిందని విన్నప్పుడు రాని సంతోషం అతని ముఖంలో అప్పుడు వచ్చింది. కట్టుడు పళ్ళన్నీ కనపడేలా నవ్వి, పియానో వైపు తిరిగి, మూడో వరస ఎత్తుకున్నాడు.